క్షయ చికిత్స: ఫలితాన్ని నిర్ణయించేవి

సాధారణ క్షయకు చికిత్స 6 నెలలు. తొలి 2 నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఇథాంబుటాల్. తర్వాత 4 నెలలు పైరజినమైడ్ తప్ప మిగతా మూడు. ఒంట్లో నెమ్మదించగానే మాత్రలు ఆపేయడమే పెద్ద ముప్పు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ రెండింటికీ లొంగనిది ఎండీఆర్ టీబీ. మధుమేహం, హెచ్ఐవీ, మద్యం, పొగతాగడం కూడా ఫలితాన్ని దెబ్బతీస్తాయి.

తిండి సంగతి అన్నిటికన్నా తక్కువ పట్టించుకుంటున్నాం. జార్ఖండ్‌లో రోగులకు ఆహారం అందించి జరిపిన ‘రేషన్స్’ అధ్యయనంలో (2023) తొలి 2 నెలల్లో బరువు పెరిగినవారిలో మరణాల ముప్పు తగ్గింది. అందుకే సిద్దిపేట జిల్లా దుబ్బాకలో బీడీలు చుట్టి బతికే తల్లికి క్షయ వస్తే మాత్రతోపాటు పప్పు, గుడ్డు కూడా అందాలి. క్షయ రోగుల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ యోజన సాయం 2018లో నెలకు రూ.500; 2024 నవంబర్ నుంచి రూ.1,000. రెండు వారాలు దాటి దగ్గుంటే తెమడ పరీక్ష చేయించండి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం.