పేరు కన్నా ముందు ప్లాను చూడమ్మా

అమ్ములూ,

నువ్వు పంపిన బ్రోషరూ, ఫ్లోర్ ప్లానూ రెండుసార్లు తీరిగ్గా చూశాను. కోకాపేటలో ఇరవై ఏడో అంతస్తు, మూడు వేల చదరపు అడుగులు, మూడు కోట్లు, పైగా పేరున్న ఆర్కిటెక్ట్ డిజైన్. మీ ఇద్దరి జీతాలు ఏళ్ల తరబడి ఈఎంఐలకు ముడిపడిపోయే వ్యవహారం ఇది. ఫోన్లో రెండు ముక్కలు చెప్పి ఊరుకోలేక ఉత్తరం రాస్తున్నాను. కొనొద్దని చెప్పడానికి మాత్రం కాదు. మంచి ఆర్కిటెక్ట్ ఆలోచించి గీసిన ఇంట్లో కాపురం ఉండటం అదృష్టం. దానికి డబ్బు పెట్టగలిగినవాళ్లు పెట్టాల్సిందే. నువ్వు కట్టే డబ్బు ఆయన పేరుకు పోతోందా, ఆయన పనికి పోతోందా అన్నది మటుకు సంతకం పెట్టకముందే తేల్చుకో.

ఆర్కిటెక్ట్ పని అంటే ఏమిటో తెలియాలంటే ఒక్క భవనం గురించి చెప్పాలి. ముంబైలో పెడ్డర్ రోడ్డు మీద, కంబాలా హిల్ దగ్గర కాంచనజంగ అపార్ట్‌మెంట్స్ ఉంది. 1983లో పూర్తయింది. డిజైన్ చార్లెస్ కొరియాది. ప్రవీణా మెహతా ఆయనతో కలిసి పనిచేశారు, స్ట్రక్చరల్ ఇంజనీరు శిరీష్ పటేల్. కొరియా 1930లో పుట్టింది మన సికింద్రాబాద్‌లోనే. మన ఈసీఐఎల్ ఆఫీసు భవనాన్ని 1960ల్లో గీసింది కూడా ఆయనే. ఈసారి అటు వెళ్లినప్పుడు ఆగి చూడు.

ముంబైలో సముద్రపు గాలి పడమటి నుంచి వస్తుంది. చూడటానికి పడమర అరేబియా సముద్రం, తూర్పున హార్బరు. కాబట్టి ఇల్లు తూర్పు పడమరలకు తెరుచుకోవాలి. చిక్కేమిటంటే సాయంత్రపు ఎండా, వర్షాకాలపు జల్లూ కూడా ఆ దిక్కుల నుంచే ఇంట్లోకి వస్తాయి. పాతకాలపు బంగళాలు చుట్టూ వరండా వేసుకుని రెంటినీ ఆపేవి. ఎండా వానా వరండాలోనే ఆగిపోయేవి, గాలి మాత్రం గదుల్లోకి వచ్చేది. కొరియా ఆ వరండాను 28 అంతస్తుల మీదికి తీసుకెళ్లారు. ఫ్లాట్ల మూలల్లో రెండంతస్తుల ఎత్తున తోటల్లాంటి వరండాలు పెట్టారు. మూల అంటే భవనానికి బలం ఉండాల్సిన చోటు. అక్కడ స్తంభం లేకుండా ఖాళీ వదలాలంటే ఇంజనీరుకు ఎంత కష్టమో నాకు తెలుసు. భవనం 84 మీటర్ల ఎత్తు, అడుగున ఒక్కో పక్క 21 మీటర్లే, మొత్తం మీద 32 ఇళ్లు. అంత సన్నగా కట్టారు గనకే ఒక పక్క నుంచి వచ్చిన గాలి రెండో పక్కకు పోగలుగుతుంది. అక్కడ ఫ్లాట్ కొన్నవాళ్లకు దక్కింది ఈ ఆలోచన. పాలరాయి ఎవరైనా పరుస్తారు.

ఇక నీ ప్లాను. బ్రోషర్లో ‘ఈస్ట్ ఫేసింగ్’ అని పెద్దక్షరాలతో వేశారు, మీ అత్తగారు సంతోషించారని రాశావు. వాస్తును కాదనను, పెద్దవాళ్ల మనసు నిమ్మళంగా ఉండటం ఇంటికి అవసరమే. అయితే అపార్ట్‌మెంట్లో ఈస్ట్ ఫేసింగ్ అంటే గుమ్మం తూర్పుకు ఉందని. ఆ గుమ్మం తెరుచుకునేది కారిడార్లోకి. పొద్దుటి ఎండ నీ ఇంట్లోకి రాదు. ఫ్లాటుకు అసలు ముఖం రెండో పక్కన ఉన్న బాల్కనీ. నీ ప్లానులో అది పడమర. హాలుకు అటువైపు నేల నుంచి కప్పు దాకా అద్దమే. దక్షిణపు ఎండ నడినెత్తికి దగ్గరగా ఉంటుంది, చిన్న సన్‌షేడ్ వేసినా ఆగుతుంది. పడమటి ఎండ అలా కాదు, కిందికి వాలి నేరుగా లోపలికి దూసుకొస్తుంది. దాన్ని ఆపడానికి లోతైన బాల్కనీ కావాలి, లేదా నిలువు ఫిన్నులో, జాలీయో ఉండాలి. నీ బాల్కనీ లోతు ప్లాను మీద కొలిస్తే ఐదడుగులు. అంత ఎత్తున్న అద్దానికి అది చాలదు. ఆర్కిటెక్ట్ దీనికి ఏం చేశారో అడుగు. ‘డబుల్ గ్లేజింగ్ వేస్తున్నాం, ఏసీ ఉంటుంది’ అని సేల్స్ కుర్రాడు చెప్తే, అది జవాబు కాదని తెలుసుకో. ఆ జవాబుకు కరెంటు బిల్లు నెలనెలా నువ్వు కడతావు.

గాలి సంగతి కూడా ప్లాను మీదే తెలుస్తుంది. పెన్సిల్ తీసుకుని హాలు కిటికీ నుంచి గీత మొదలుపెట్టు. ఇంకో వైపు ఉన్న ఇంకో కిటికీలోంచి ఆ గీత బయటపడుతోందా చూడు. నీ ప్లానులో నా గీత కిచెన్ గోడ దగ్గర ఆగిపోయింది. అదే అంతస్తులో మూల ఫ్లాటుకు రెండు వైపులా కిటికీలున్నాయి. గుమ్మం ఉత్తరానికి ఉన్నా సరే, అది ఖాళీగా ఉంటే నేనైతే దాని గురించే మాట్లాడతాను.

ఇంత పట్టుదలగా ఎందుకు చెప్తున్నానంటే, ఇప్పటి టవర్లలో చాలావరకు మివాన్ షట్టరింగ్‌తో కట్టేవే. గోడలన్నీ స్లాబుతో కలిపి పోసిన కాంక్రీటు. మీ అమ్మానాన్నల ఇంట్లో లాగా వంటింటి గోడ కొట్టి హాలు పెద్దది చేసుకుందామంటే కుదరదు. అది భవనాన్ని మోసే గోడ. తలుపు జరపడానికి కూడా లేదు. ఈ రోజు కాగితం మీద ఏ గది ఎంత ఉందో, నీ పిల్లలు పెద్దయ్యే దాకా అంతే. మోడల్ ఫ్లాట్ చూసి మురిసిపోకు. కొన్ని చోట్ల తలుపులు తీసేస్తారు, మంచాలు చిన్న సైజువి వేస్తారు, గది పెద్దదిగా కనిపిస్తుంది. టేపు పట్టుకెళ్లి మంచం పొడవు కొలువు. మీ ఆయన్ని వాష్ ఏరియాలో నిలబడి చేతులు చాపమను. దుప్పట్లు ఎక్కడ ఆరేస్తారో, గ్యాస్ బండ ఎక్కడుంటుందో, పోపు ఘాటు ఎటు పోతుందో అడుగు. బ్రోషర్లో ఓపెన్ కిచెన్ అందంగానే ఉంటుంది. మన ఇళ్లలో ఎండుమిరపకాయలు వేయించని వారం ఉండదు కదా.

ఇంకొకటి. ప్లానులో యుటిలిటీ పక్కన చిన్న గది ఉంది, ‘మెయిడ్’ అని రాసి ఉంది. దానికి కిటికీ లేదు. మూడు కోట్ల ఇంట్లో పనిచేసే మనిషికి వెలుతురు చూపించని ప్లాను గీసినవాళ్ల మీద నాకు గౌరవం తగ్గింది. ఈ మాట వాళ్లతో నువ్వు అనాలి. కొనేవాళ్లు అడగకపోతే ఎవరూ మార్చరు.

లెక్కల దగ్గరికి వస్తే, మూడు వేల అడుగులన్నది సేలబుల్ ఏరియా. లాబీ, లిఫ్టులు, క్లబ్‌హౌస్, అన్నిట్లో నీ వాటా కలిపి చెప్పే అంకె. నీకు కావలసింది రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం చెప్పిన కార్పెట్ ఏరియా: బయటి గోడలూ, షాఫ్టులూ, బాల్కనీలూ తీసేసి, లోపలి అడ్డుగోడలు కలుపుకుని, ఇంట్లో వాడుకునే నేల. ఉదాహరణకు అది 1,950 అడుగులు తేలితే, అడుగు పదివేలు అనుకున్నది నిజానికి 15,385 రూపాయలు పడినట్టు. రెండు ప్రాజెక్టులను పోల్చేటప్పుడు ఈ అంకెతోనే పోల్చు. నేలలో నీ అవిభాజ్య వాటా ఎన్ని గజాలో కూడా రాయించుకో. హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐకి, అంటే స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చన్న నిష్పత్తికి, పరిమితి లేదు. టవర్ పైకి పెరిగేకొద్దీ ఒక్కొక్కరి గజాలు తగ్గిపోతాయి. ఇంకా కడుతున్న ఫ్లాటుకు 5 శాతం జీఎస్టీ ఉంటుంది. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే అది ఉండదు. మూడు కోట్ల మీద అది చిన్న మొత్తమేమీ కాదు.

మళ్లీ ఆర్కిటెక్ట్ దగ్గరికి. ఇలాంటి ప్రాజెక్టుల్లో పేరున్న సంస్థ కాన్సెప్ట్ మటుకు ఇచ్చి తప్పుకోవడం మామూలే. వర్కింగ్ డ్రాయింగులు వేరే ఆఫీసు చేస్తుంది, సైటుకు వచ్చేది ఇంకెవరో. అందులో తప్పులేదు, ఎవరు ఏం చేస్తున్నారో నీకు తెలిస్తే చాలు. తెలంగాణ రెరా వెబ్‌సైటులో ప్రాజెక్టు నంబరు కొట్టు. బిల్డరు రిజిస్ట్రేషన్‌కు ఆర్కిటెక్ట్, స్ట్రక్చరల్ ఇంజనీరు, కాంట్రాక్టర్ల పేర్లు ఇచ్చితీరాలి. కొన్నవాళ్లు కట్టిన డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి. పని ఎంతవరకు అయిందో ఇంజనీరు, ఆర్కిటెక్ట్, చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువీకరించాకే అందులోంచి తీయాలి. అంటే ఆర్కిటెక్ట్ సంతకం నీ డబ్బుకు కాపలా. అక్కడున్న పేరూ, బ్రోషర్లో పేరూ ఒకటేనా? వేరైతే రెండో వ్యక్తి ఇంతకుముందు కట్టిన భవనం ఒకటి చూసి రా. కొత్తది వద్దు, రెండు మూడు వానాకాలాలు చూసినది. బేస్‌మెంట్లోకి దిగి గోడల మీద చెమ్మ మరకలు చూడు, లిఫ్టు దగ్గర అక్కడివాళ్లను పలకరించు.

ఆ పై కథంతా అగ్రిమెంటుది. బ్రోషర్, ప్రకటన, మోడల్ ఫ్లాట్ చూసి మోసపోతే రెరా 12వ సెక్షన్ కింద వడ్డీతో వెనక్కి అడగొచ్చు. కాబట్టి వాటి కాపీలు తేదీతో సహా దాచు. నీకు నచ్చిన ప్రతిదీ, బాల్కనీ లోతూ, అద్దం రకమూ, కప్పు ఎత్తూ, కిటికీల కొలతలూ అనుబంధంగా అగ్రిమెంటులో ఎక్కించు. 14వ సెక్షన్ ప్రకారం నీ ఒప్పుకోలు లేకుండా నీ ఫ్లాటు ప్లానులో, ఫిట్టింగుల్లో మార్పులు చేయకూడదు. ఆర్కిటెక్టో ఇంజనీరో సిఫారసు చేసిన చిన్నపాటి మార్పులకు వెసులుబాటు ఉంది గనక, నీకు ముఖ్యమైనవి స్పష్టంగా రాయించుకోవడం మంచిది. స్వాధీనం చేశాక ఐదేళ్ల దాకా కట్టడంలో లోపం బయటపడితే బిల్డరు సొంత ఖర్చుతో సరిచేయాలి. అగ్రిమెంటు రిజిస్టర్ కాకుండా 10 శాతానికి మించి ఒక్క రూపాయి ఇవ్వకు, వాళ్లు ఏ డిస్కౌంటు చూపించినా సరే. రెరా నంబరే లేని ప్రీలాంచ్ మాట ఎత్తితే లేచి వచ్చేయ్.

ఈ ఆదివారం సైటుకు వెళ్లండి. సాయంత్రం నాలుగింటికి వెళ్లండి, పొద్దున కాదు. అద్దం పక్కన అరగంట కూర్చోండి. మూల ఫ్లాటు ప్లానూ, అగ్రిమెంటు డ్రాఫ్టూ నాకు పంపించు. డ్రాయింగులు నేను చూస్తాను, లింకు డాక్యుమెంట్లూ, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) మాత్రం లాయరు చేతే చూపించాలి. అత్తయ్య నిన్నూ మీ ఆయన్నీ అడిగానని చెప్పమంది.

ఇట్లు,
మీ మావయ్య