చంద్రునికి కట్టిన గుడి - వాన కబురు

కార్తిక పౌర్ణమినాడు అన్నవరములో వేలాది భక్తులు రత్నగిరి చుట్టును ప్రదక్షిణము చేయుదురు. అట్టి వెన్నెల రాత్రులలో ఒక్కొక్కప్పుడు చంద్రుని చుట్టును తెల్లని వలయము కనబడును. దానిని పల్లెలలో గుడి యనియు, వరదగుడి యనియు అందురు. శాస్త్రములలో దీని పేరు పరివేషము. ఆరవ శతాబ్దమువాడైన వరాహమిహిరుడు బృహత్సంహితలో దీనికొక అధ్యాయమునే కేటాయించెను.

"దూరపు గుడి దగ్గర వాన, దగ్గర గుడి దూరపు వాన" అని పెద్దల సామెత. ఇందు నిజమెంతయో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము. కార్తికము వరికోతల కాలము, తుపానుల కాలము కూడ. పనలు చేనిలో నుంచవచ్చునా యని రైతు మొదట అడుగునది మిమ్ములనే.

సామెత చెప్పినవారి చూపు మెచ్చదగినది. గుడులు రెండు విధములని వారు కనిపెట్టిరి. చేయి చాచి, బొటనవ్రేలి కొనను చంద్రునిపై నుంచి జాన చాపినచో, చిటికెనవ్రేలి కొన ఇంచుమించుగా తాకు వలయము దూరపు గుడి. ఆరు కిలోమీటర్లకు పైన పలుచని తెరవలె పరచుకొను మేఘమువలన ఇది ఏర్పడును. ఆ మేఘములో నుండునది నీరు కాదు, ఆరు పలకల మంచు స్ఫటికములు. క్రింద మనకు చెమట పోయుచున్నను, అంత ఎత్తున నీరు గడ్డకట్టు చలి యుండును. వెన్నెల స్ఫటికపు ఒక పలకలో ప్రవేశించి, నడుమ నొక పలకను విడిచి ఆ పై పలకనుండి వెలువడునపుడు కనీసము 22 డిగ్రీలు వంగును. అందుచేతనే ఈ గుడి ఎక్కడ చూచినను ఒకే కొలతలో నుండును. దాని లోపలి అంచున లేత యెరుపు కనబడును.

చంద్రుని అంటిపెట్టుకొని, రాగిరంగు అంచుతో తోచునది దగ్గర గుడి. ఇది తక్కువ ఎత్తునగల మేఘములలోని సన్నని నీటి బిందువుల పని.

పెనువాన తెచ్చు మేఘసమూహమునకు ముందుగా మంచు తెర వ్యాపించుట కలదు. కనుక సామెతలో మొదటి సగము కొంత నిజమే. కాని ఎక్కడో ఉరిమి చల్లారిన మేఘపు శేషము కూడ అట్టి తెరనే పరచును, వాన రాకయే పోవును. రెండవ సగమునకు ఆధారము ఇంకను తక్కువ.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. అది దీపావళి అమావాస్యకు నాలుగు దినముల ముందటి రాత్రి. తుపాను తీరమును తాకు వేళకు చంద్రుడే ఉదయింపలేదు. ఇక గుడి యెక్కడ?

విశాఖపట్టణమున వాతావరణశాఖ వారి తుపాను హెచ్చరిక కేంద్రము కలదు. తీరప్రాంతమున ప్రతికూల వాతావరణము మొదలగుటకు కనీసము 48 గంటల ముందు అప్రమత్తత సూచనయు, 24 గంటల ముందు హెచ్చరికయు వెలువడును. అది చేరునప్పటికి మన ఆకాశము నిర్మలముగ నుండవచ్చును. చంద్రుడు ఏ గుడియు లేక వెలుగుచుండవచ్చును. "వాన జాడయే లేదే" యని లోతట్టు ఇండ్లవారు కదలనిచో, దండోరాతో సరిపెట్టక వార్డు సభ్యుడు గడప గడపకు స్వయముగ పోవలసియుండును.