రూటరు మాటిమాటికీ ఆగి మొదలవుతుంటే

స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపుతుండగా మా మనవరాలికి నెట్ మూడుసార్లు పోయింది. లైను బాగాలేదనుకున్నాం, తప్పు మా అడాప్టరుదే.

విద్యార్థులు ముందుగా రూటరు దీపాలను గమనించాలి. ఎల్‌ఓఎస్ దీపం ఎర్రగా వెలిగితే ఫైబరు లైనులో లోపం. దీపాలన్నీ ఒక్కసారిగా ఆరి మళ్లీ వెలిగితే కరెంటు సరిగా అందడం లేదేమో చూడండి. రూటరు మీద 12 వోల్టులు, 1 ఆంపియరు అని ఉంటే అడాప్టరుకూ సరిగ్గా 12 వోల్టులే ఉండాలి, పిన్ను ప్లస్, మైనస్ గుర్తులూ కలవాలి. ఆంపియర్లు తగ్గకూడదు, ఎక్కువుంటే నష్టం లేదు. పాతది పోయాక నేను తగిలించినది 0.5 ఆంపియరుది! ఒక్క ఫోనుకు ఎలాగో నెట్టుకొచ్చింది, ముగ్గురం కూర్చునేసరికి చేతులెత్తేసింది.

టీవీ వెనక గాలాడని చోట వేడెక్కినా ఇదే తంతు.

తల్లిదండ్రులకు ఒక మనవి: గుండుసూదితో రీసెట్ రంధ్రం నొక్కవద్దు. లాగిన్ పేరు, పాస్‌వర్డ్‌తో సహా సెట్టింగులన్నీ చెరిగిపోవచ్చు. గడువు రోజున ఆ చిక్కు వద్దు.