కొరివికారము: రుచి, పుష్టి, వినియోగము

మిరపచేను ఎఱ్ఱబాఱిన దినములలో రైతు చూపంతయు కల్లముమీదనే యుండును. ఎండిన కాయ గుంటూరు యార్డునకు జేరి కాటా పూర్తియగువఱకు ఆతనికి నిదుర పట్టదు. కాని ఆ చేనినుండియే యింటికి వచ్చు రెండు గంపల పండుకాయలను గుఱించి మనము తగినంత యాలోచింపము. సంవత్సరము పొడవునను పిల్లలు, వృద్ధులు, కూలివారు చేయి పెట్టునది ఆ జాడీలోనే గదా! కావున మన ప్రాంతమున కొరివికారమని పిలువబడు పండుమిరప పచ్చడిని గూర్చి యీ మాసమున వివరింతును.

మిరప మన దేశమున పుట్టిన మొక్క కాదు. అమెరికా ఖండమునుండి పోర్చుగీసువారి మూలమున 16వ శతాబ్దమున మన తీరములకు వచ్చినది. అంతకు మున్ను మన వంటలకు కారము నిచ్చినవి మిరియము, పిప్పలి, అల్లము, ఆవాలు. పల్నాటి జొన్నకూటిని గూర్చి చాటువులు చెప్పెనని పేరుగన్న శ్రీనాథుడు సైతము మిరపకాయ నెఱుగడు. అట్టి పరదేశపు కాయ నేడు మన నల్లరేగడి చేలకు సొమ్మును, మన అన్నమునకు రుచియు నిచ్చుచున్నది.

రుచి యెట్లు కలుగును?

కారమునకు మూలమైన పదార్థము కాప్సైసిను. ఇది గింజలలో నున్నదని పలువు రనుకొందురు. నిజమునకు గింజలంటియుండు తెల్లని పొరయందే మెండుగా నుండును. అమెరికా దేశీయుడగు విల్బర్ స్కోవిల్ 1912లో, కాయ సారమును చక్కెరనీటితో నెంతవఱకు పలుచన చేసిన మంట తెలియకుండ పోవునో చూచి, కారమును కొలుచు పద్ధతి నేర్పఱచెను.

కాప్సైసిను నీటిలో సరిగా కరగదు, కొవ్వులో కరగును. అందుచేతనే నోరు మండినపుడు చెంబెడు నీరు త్రాగినను మంట తగ్గదు. పెరుగన్నము ముద్ద తిన్న తగ్గును. పచ్చడిలో నేయి గాని నువ్వుల నూనె గాని కలుపుకొను మన పెద్దల యలవాటు ఈ కారణముననే హితమైనది. చింతపండు పులుపు, మెంతుల చిఱుచేదు, వెల్లుల్లి ఘాటు కారముతో కూడి, చప్పని జొన్నరొట్టెకును రుచి నిచ్చుచున్నవి.

పుష్టి

హంగేరీ దేశపు శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ సెంట్ జ్యోర్జి, సెగెడ్ పట్టణమున, అచ్చటి మిరపజాతి కాయలనుండియే 'సి' విటమినును విస్తారముగా వేఱుచేసెను. ఆయనకు 1937లో నోబెల్ బహుమానము లభించెను. పచ్చి పండుమిరప నూఱు గ్రాములలో ఈ విటమిను సాధారణముగా 100 మిల్లీగ్రాములకు పైబడి యుండును. ఎండబెట్టినపుడును, నిలువయుంచినపుడును ఇందు చాలభాగము నశించును. కావున పచ్చడిని ఔషధముగా నెంచరాదు. అయినను, 'సి' విటమిను మిగిలినంతమట్టునకు, జొన్న, సజ్జ, ఆకుకూరలలోని ఇనుము దేహమున కెక్కుటకు తోడ్పడును. కాయ యెఱుపునందు 'ఏ' విటమినునకు మూలమైన పదార్థమును కలదు.

చేయు విధానము

కొమ్మమీద సంపూర్ణముగా పండి, గట్టిగా నున్న కాయలనే యేఱవలయును. మందు చల్లిన పిదప డబ్బాపై వ్రాసిన గడువు దాటక కోసిన కాయ పచ్చడికి పనికిరాదు. తాలుకాయ, మచ్చకాయ, పురుగుతొలిచిన కాయ యార్డులో ధర పలుకదని జాడీలో వేయుట మిక్కిలి కీడు. బూజుపట్టిన కాయయందు ఆఫ్లటాక్సిను అను విషము పుట్టవచ్చును. అది కాలేయమును చెఱచును, పోపు వేడికి నశింపదు.

తొడిమ తీయకుండ కడిగి, పొడిగుడ్డతో తుడిచి, నీడపట్టున తడి యాఱనిచ్చి, పిమ్మట తొడిమ తీయవలయును. ముందుగా తొడిమ తీసినచో నీరు కాయలోనికి దిగును. కిలో కాయలకు ఉప్పు 250 గ్రాములు, గింజలు తీసిన చింతపండు 250 గ్రాములు, కొంచెము పసుపు చేర్చి, రోట కచ్చాపచ్చాగా దంచి, జాడీలో అదిమి వాసెన కట్టవలయును. మూడవనాడు తీసి, నానిన చింతపండుతో సహా మెత్తగా నూఱి, వేయించిన మెంతిపిండి కలిపి మరల అదుమవలయును. కావలసినపు డొకింత తీసి నూనె, ఆవాలు, ఇంగువ, వెల్లుల్లితో పోపు పెట్టుకొనవచ్చును.

ఉప్పు నీటిని పట్టియుంచి సూక్ష్మజీవులను పెరుగనీయదు. పులుపు అందుకు తోడగును. రాగి, ఇత్తడి, అల్యూమినియము పాత్రలను పులుపు తినివేయును. కావున జాడీ గాని గాజుసీసా గాని వాడుడు. తడిగరిటె ముంచరాదు. పైన బూజు కనబడినచో దానిని గీకివేసి మిగిలినది తినరాదు, జాడీయంతయు పాఱబోయవలయును.

ఉప్పు లెక్క

పై కొలతలను కూడిన 1500 గ్రాములగును. అందు ఆఱవవంతు ఉప్పు. అనగా 10 గ్రాముల చెంచాలో సుమారు 1.7 గ్రాముల ఉప్పున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవారికి దినమునకు 5 గ్రాములకు లోబడిన ఉప్పునే విధించినది. మూడు చెంచాల పచ్చడితోనే ఆ హద్దు నిండును. పప్పులోని యుప్పు, పులుసులోని యుప్పు వేఱు. మూడుపూటలు పచ్చడిమెతుకులతో గడుపు కుటుంబములలో రక్తపు పోటు మాట వినబడుటకు ఇదియు నొక హేతువు.

ఇందులకు మందు జాడీలో ఉప్పు తగ్గించుట కాదు. అట్లు చేసిన పచ్చడి చెడును. విస్తరిలో పచ్చడి తగ్గింపవలయును. పచ్చడి అన్నమునకు తోడు. పప్పునకును కూరకును బదులు కాదు. పనిపాటువారికి పెట్టు చద్దిమూటలో పచ్చడితోబాటు పెరుగో, ఉడికించిన పప్పో, ఉల్లిపాయయో చేర్చుడు. రక్తపు పోటు, మూత్రపిండముల జబ్బు గలవారు వైద్యుని మాట వినవలయును.

అమ్మకము

ధర పడిపోయిన యేట కొన్ని పండుకాయలను పచ్చడిగా మార్చి విక్రయించుట లాభకరము. ముంబయిలో 1959లో ఏడుగురు స్త్రీలు 80 రూపాయల అప్పుతో ఆరంభించిన లిజ్జత్ అప్పడముల సంస్థ, కలిసి పనిచేయుటవలన ఇంటి వంట యెంత పెద్ద వ్యాపారము కాగలదో చూపినది. అయితే 2006 నాటి ఆహారభద్రతా చట్టము ననుసరించి చిన్న తయారీదారును పేరు నమోదు చేసికొనవలయును. ఒకే తూకము, ఒకే ఉప్పు పాలు, శుభ్రమైన కాయ, సీసాపై తయారైన తేదీ: ఇవి లేనిచో కొన్నవాడు రెండవమాఱు రాడు. ఒక్క యింటి చెడిన సీసా సంఘమందలి పదిమంది సభ్యుల పేరును చెఱచును.

కావున రైతు సోదరులారా, యీ యేడు కోతకు దిగునపుడు యార్డునకు పంపు మేలైన కాయనుండియే ఇంటి జాడీకి గంపెడు వేఱుచేయుడు. పరుల కమ్మునదానికంటె తక్కువ కాయ మన పిల్లలకు పెట్టుట యే విధమునను ధర్మము కాదు.