రాజశేఖరుని కవిసభ: స్వామిత్వ విచారము

రాజశేఖరుని కావ్యమీమాంస 1916లో బరోడా గాయక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలయందు ప్రథమగ్రంథముగా వెలువడినది. ప్రతిభావ్యుత్పత్తుల విచారమును, శబ్దార్థహరణ ప్రకరణములను అలంకారశాస్త్రాధ్యేతలు శ్రద్ధతో పరిశీలించుచునే యున్నారు. కవిచర్యా రాజచర్యలను దెలుపు దశమాధ్యాయమును మాత్రము వినోదముగా చదివి విడుచుట పరిపాటియైనది. రాజ్యము, కళ, విద్య, పౌరజీవనము అను నాల్గింటికి గల సంబంధమును ఒక మండపపు కొలతలలో నిలిపి చూపిన అధ్యాయమది.

గ్రంథకర్త కనౌజు ప్రతీహారప్రభువగు మహేంద్రపాలునకు గురువు, రాజసభ నెఱిగినవాడు. అతడు చెప్పు సభామండపమునకు స్తంభములు 16, ద్వారములు 4, మత్తవారణులు 8. నడుమ నాలుగు స్తంభముల మధ్య వేదికయు, దానిపై రాజాసనమును ఉండవలెను. ఆసనమునకు ఉత్తరమున సంస్కృతకవులు. వారి తరువాత వేదవిదులు, ప్రామాణికులు, పౌరాణికులు, స్మార్తులు, వైద్యులు, మౌహూర్తికులు. తూర్పున ప్రాకృతకవులు, తరువాత నటులు, నర్తకులు, గాయకులు, వాద్యకారులు. పడమట అపభ్రంశకవులు, తరువాత చిత్రకారులు, రత్నములు పొదుగువారు, కంసాలులు, వడ్రంగులు, కమ్మరులు. దక్షిణమున భూతభాషాకవులు, తరువాత గణికలు, ఇంద్రజాలికులు, మల్లులు, ఆయుధజీవులు.

వేదిక యెత్తు మూరెడు మాత్రమే. రాజు నడుమ నుండును గాని అందనంత ఎత్తున నుండడు. కమ్మరి కూర్చుండు చోటును శాస్త్రము విధించుచున్నది. అతడు తొంగిచూచుటకు వచ్చినవాడు కాడు, సభ్యుడు. అనేకభాషలలో ప్రవీణుడగు కవి ఒక దిక్కునుండి మఱియొక దిక్కునకు మారి కూర్చుండవచ్చునని కూడ అనుమతి కలదు. పురుషులవలెనే స్త్రీలును కవులు కావచ్చుననియు, సంస్కారము ఆత్మగతమగుటచే స్త్రీపురుషభేదము నపేక్షింపదనియు ఈ యధ్యాయముననే తేల్చినాడు. అవంతిసుందరి మతమును పేరు పెట్టి ఉదాహరించిన గ్రంథకర్తకు అది వట్టిమాట కాదు.

ఇట్టి సభ ఎచ్చటనైన ఉండెనా యను ప్రశ్న సహజము. ఇందలి క్రియాపదములు విధిరూపములు. కనుక దీనిని చరిత్రగా గ్రహింపరాదు. ఉజ్జయినిలో కవులకును, పాటలీపుత్రమున శాస్త్రకారులకును పరీక్షలు జరిగెనను మాట సైతము వినికిడిగానే చెప్పబడినది. పాణిని పతంజలులను ఒకే వరుసలో చేర్చిన పట్టికనుండి కాలనిర్ణయము చేయబూనుట సాహసము. పరీక్షోత్తీర్ణులకు బ్రహ్మరథయానమును పట్టబంధమును విధించినాడు. బ్రహ్మరథము పట్టుట యను మన నుడికారమును వాడునపుడు ఆ గౌరవమునకు ముందు ఒక పరీక్ష కలదని మనము తలంపము.

రాజాధికారమునకు హద్దు ఎచ్చట? భాషానియమములు చేసిన రాజుల కథలు ఈ ప్రకరణముననే కలవు. మగధలో శిశునాగుడు కఠినోచ్చారణము గల ఎనిమిది వర్ణములను వర్జించెననియు, కుంతలేశుడగు సాతవాహనుడు ప్రాకృతమునే వాడుమని శాసించెననియు, ఉజ్జయినిలో సాహసాంకుడు సంస్కృతమునే కోరెననియు వినికిడి. అయితే ఈ నియమములన్నియు వారి వారి అంతఃపురములకు పరిమితములు. ప్రభువు తన యింట ఏ భాషనైన శాసింపవచ్చును. సభలో మాత్రము నాలుగు భాషలకును నాలుగు దిక్కులు. ఈ భేదమును వ్యాఖ్యాతలు మఱింత నొక్కి చెప్పియుండవలసినది.

ఇక ముఖ్యవిషయము. ఈ విధికి కర్త రాజు. రాజు లేనపుడు విధి లోపించునా?

ఇది వట్టి తర్కము కాదు. మన విజయనగరమునే చూడుడు. శుల్కవివాహముల పట్టిక వ్రాయించిన ఆనందగజపతి ఆస్థానమునుండియే కన్యాశుల్కము పుట్టినది. 1892లో రంగమెక్కి, 1897లో ఆయనకే అంకితమై అచ్చయినది. అందలి భాష పండితుల ఉత్తరదిక్కునకు చెందినది కాదు. 1919లో అచ్చట సంగీతపాఠశాల వెలసి, ఆదిభట్ల నారాయణదాసుగారు అధ్యక్షులైరి. సంస్కృతపాఠశాల అంతకు పూర్వమే కలదు. 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టముతో జమీందారీల కాలము ముగిసినది. పాఠశాలలు మిగిలినవి, వానిని ఒక్కచోట కూర్చుండబెట్టిన ఆసనము లేదు.

జైమిని షష్ఠాధ్యాయమున ప్రతినిధివిచారము కలదు. ద్రవ్యమునకు ప్రతినిధి ఉండవచ్చును. స్వామికి ప్రతినిధి లేడు. కావున ఒక మంత్రినో, అధికారినో రాజస్థానమున ప్రతినిధిగా కూర్చుండబెట్టి పూర్వపు సభయే సాగుచున్నదనుట న్యాయసమ్మతము కాదు. కాని సత్రమున సంగతి వేఱు. అచ్చట యజమానులు 17 మందికి తక్కువ కారు, వారే ఋత్విక్కులు, ఫలము అందఱిది. ఒకడు మరణించినను సంఖ్యాపూరణమునకై మఱియొకని తెచ్చి కర్మ సాగింతురు. ప్రజాప్రభుత్వమున కవిసభకు ఈ న్యాయమే పొసగునని నా యాశయము. దృష్టాంతము సర్వాంశములందు చెల్లదు: సత్రమున బ్రాహ్మణులకే అధికారము, రాజశేఖరుని సభలో ఆ నియమము లేదు.

ఇందుండి రెండు ఫలితములు. సత్రమున దక్షిణ లేదు, యజమానులే ఋత్విక్కులగుటచేత. సభ్యులు తుష్టులును పుష్టులును కావలెనని మాత్రము రాజశేఖరుని విధి. ఈ రెంటికి విరోధము లేదు. సత్రమున వ్యయమగునది యజమానుల స్వద్రవ్యమే. విద్యాలయమునకు ఖజానానుండి వచ్చు ధనము దానము కాదు, స్వాములు తమ కర్మకై వెచ్చించుకొను సొమ్ము. దానికై అర్జీ పెట్టునపుడు యాచకభాష వాడుట మానవలెను. లెక్క చెప్పుటకును సిద్ధపడవలెను.

రెండవది మనకు కొంత కష్టముగా నుండును. స్వాములు అనేకులైనపుడు వారందఱును మండపమున కనిపింపవలెను. మన ప్రాచ్యకళాశాలల విద్వత్సభలలో ఉత్తరదిక్కు నిండియుండును, తూర్పున ఒక గాయకుడో ఇద్దఱో ఉందురు. పడమటి దిక్కున, కంచుపని, కొయ్యపని, చిత్రలేఖనము నెఱిగినవారు కూర్చుండవలసిన చోట, చాపయైనను పఱచి యుండదు. శిల్పశాస్త్రమును బోధించు తరగతిలోనైనను వారిలో నొకని పిలిచి అడిగినచో తెలియగల పదములు అనేకములు కలవు.