నూరు తెడ్లు, ఒకే దెబ్బ

ఈసారి మన గోడపత్రికలో ఆటల పాఠంగా పడవ పందెం గురించి రాస్తున్నాను. ఆటలంటే మనకు కబడ్డీ, ఖోఖో గుర్తొస్తాయి. తెడ్డు వెయ్యడం ఆటేంటి, అది ఏటి ఒడ్డు ఊళ్ళల్లో రోజూ చేసే పనే గదా అంటారు. నిజమే. కానీ కేరళలో ఆ పనే దేశమంతా చూసే ఆట అయింది. అది ఎలాగో చదవండి.

ఆట పుట్టిన చోటు

కేరళలో అలప్పుళ వైపు కుట్టనాడు అనే ప్రాంతం ఉంది. పంబ, మణిమల, అచ్చన్‌కోవిల్, మీనచ్చిల్ నదులు అక్కడికి దిగి వెంబనాడ్ సరస్సులో కలుస్తాయి. అక్కడ చాలా పొలాలు సముద్రమట్టం కన్నా పల్లంలో ఉంటాయి. గట్లు కట్టి, నీళ్ళు తోడి వరి పండిస్తారు. రోడ్లు లేని రోజుల్లో సంతకు పోవాలన్నా, బడికి పోవాలన్నా, పెళ్ళికి పోవాలన్నా పడవే దిక్కు. అందుకని పిల్లలకు కూడా తెడ్డు పట్టడం వచ్చేది. పొలం పనివాళ్ళు, చేపలు పట్టేవాళ్ళు, వీళ్ళే పందెంలో తెడ్డు వేసేవాళ్ళు. ఈ ఆటను మలయాళంలో వల్లంకళి అంటారు. వల్లం అంటే పడవ. కళి అంటే ఆట.

పాము పడవ

పందెంలో అన్నిటికన్నా పెద్ద పడవ పేరు చుండన్ వల్లం. దీన్ని ఆంజిలి అనే చెట్టు కర్రతో చేస్తారు. పొడవు 100 అడుగులు దాటుతుంది. వెడల్పు మాత్రం చాలా తక్కువ. వెనక భాగం పడగ ఎత్తిన పాములా పైకి లేచి ఉంటుంది. అందుకే పాము పడవ అని పేరు. పూర్వం చెంబకశ్శేరి రాజు, కాయంకుళం రాజు నీళ్ళ మీద యుద్ధాలు చేసుకునేవారని, అప్పుడు యుద్ధం కోసం ఇలాంటి పడవలు చేయించారని అక్కడివాళ్ళు చెప్తారు. యుద్ధాలు పోయాయి, పడవలు మిగిలాయి.

పడవలో సుమారు నూరు మంది రెండు వరసల్లో కూర్చుని తెడ్డు వేస్తారు. వెనక నిలబడి కొందరు పెద్ద తెడ్లతో దారి తిప్పుతారు. మధ్యలో నిలబడినవాళ్ళు కర్రలతో పలక మీద దబ్ దబ్ అని కొడతారు. కొందరు వంచిపాట్టు అనే పడవ పాట పాడతారు. మనోళ్ళు బరువు లాగేటప్పుడు హైలెస్సా అంటారు చూడండి, అలాంటిదే.

పాట ఎందుకు?

ఇది సైన్సు పాఠంలో ఉన్నదే. న్యూటన్ మూడో నియమం ప్రకారం తెడ్డు నీటిని వెనక్కి తోస్తే నీరు పడవను ముందుకు తోస్తుంది. నూరు తెడ్లూ ఒకేసారి పడితే నూరు మంది బలం ఒకటవుతుంది. ఒకడు ఆలస్యం చేస్తే వాడి తెడ్డు పక్కవాడి తెడ్డుకు తగులుతుంది, నీళ్ళలో అడ్డం పడి పడవను ఆపుతుంది. ఎంత కండ ఉన్నా తాళం తప్పితే అడ్డమే. కాబట్టి పాట సరదాకి మాత్రమే కాదు, అందరి చేతుల్నీ కలపడానికి కూడా.

నెహ్రూ గారి కప్పు

1952లో ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ గారు అలప్పుళ వచ్చారు. ఆయన కోసం పందెం పెట్టారు. నడుభాగం అనే పడవ గెలిచింది. ఆయన సంతోషం పట్టలేక ఆ పడవలోకి దూకేశారు. ఢిల్లీ వెళ్ళాక పాము పడవ ఆకారంలో వెండి కప్పు పంపించారు. అదే తర్వాత నెహ్రూ ట్రోఫీ అయింది. పందెం పున్నమడ సరస్సులో జరుగుతుంది.

నడుభాగం, కారిచాల్, చంపకుళం, ఇవన్నీ ఊళ్ళ పేర్లే. చాలా పడవలకు ఊరి పేరే పెడతారు. గెలిస్తే ఊరు గెలిచినట్టు.

2024 పందెంలో కారిచాల్ పడవ 4 నిమిషాల 29.785 సెకన్లలో వచ్చింది. వీయపురం పడవ 4 నిమిషాల 29.790 సెకన్లలో వచ్చింది. తీసివేత చెయ్యండి. తేడా 0.005 సెకను. పడవ సెకనుకు 4 మీటర్లు పోతుందనుకున్నా, తేడా 2 సెంటీమీటర్లు. అంటే బొటనవేలి వెడల్పు. నూరు మందిలో ఒక్కరి చెయ్యి తడబడినా ఫలితం మారిపోయేది.

అన్ని పందేలూ గెలవడానికి కాదు

ఆరన్ముళ అనే ఊళ్ళో ఓణం రోజుల్లో పంబా నది మీద పడవలు తిప్పుతారు. ఆ పడవల్ని పళ్ళియోడాలు అంటారు. అవి గుడికి చెందిన మొక్కు పడవలు. అక్కడ వేగం కన్నా పాట, వరస ముఖ్యం. చంపకుళం పందెం కథ ఇంకా బాగుంటుంది. అంబలప్పుళ గుడికి కృష్ణుని విగ్రహం తెస్తుంటే చీకటి పడిందట. అప్పుడు ఒక క్రైస్తవుల ఇంట్లో ఆ రాత్రి ఉంచారట. తెల్లారి అందరూ కలిసి పడవల్లో సాగనంపారట. ఆ గుర్తుకే ఆ పందెం అంటారు.

ఆడవాళ్ళ సంగతి

పాము పడవలు మగవాళ్ళవే. పళ్ళియోడం ఆడవాళ్ళు ఎక్కకూడదనే ఆచారం ఉంది. కానీ నెహ్రూ ట్రోఫీ రోజున తెక్కనోడి అనే పడవల్లో ఆడవాళ్ళకు వేరే పోటీ ఉంది. ఏటి ఒడ్డు ఊళ్ళల్లో కట్టెలకీ చేపలకీ ఆడవాళ్ళు తెడ్డు వేస్తారు. పనికి పనికొచ్చిన చెయ్యి ఆటకు పనికిరాదా? మీరే చెప్పండి.

మన గోదావరి

మన గోదావరి మీద ఇంత పెద్ద కప్పు ఎవరూ పెట్టలేదు. కానీ 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర 77 మందితో వెళ్తున్న పర్యాటక పడవ మునిగింది. అప్పుడు దగ్గర ఊరి గిరిజనులు వెంటనే తమ పడవలు వేసుకుని వెళ్ళి, సుడుల మధ్య నుంచి మనుషుల్ని పైకి లాగారు. 26 మంది బతికారు. ఎక్కడ సుడి ఉందో, ఎటునుంచి పోవాలో వాళ్ళకు ఏ పుస్తకమూ చెప్పలేదు. రోజూ ఏటి మీద తిరగబట్టి తెలుసు.

నేను చెప్పేది ఒక్కటే. కుట్టనాడు వాళ్ళు తమ పనిని చిన్నచూపు చూడలేదు, దాన్నే ఆట చేసి అందరికీ చూపించారు. మన అమ్మానాన్నలకు వచ్చిన పని కూడా చదువే. సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు దాన్ని అడిగి నేర్చుకుందాం.

ఆలోచించండి

1. నూరు మంది బలవంతులున్న పడవ ఓడిపోవచ్చా? ఎందుకు?
2. పాము పడవ పొడవుగా, సన్నగా ఎందుకు ఉంటుంది?
3. మీ ఊరి పనుల్లో ఆటగా మార్చదగ్గది ఏది?

జవాబులు కాగితం మీద రాసి ఈ పక్కన అంటించండి.

— 9వ తరగతి విద్యార్థిని