దుబాసి మనుమరాలికి



దవాఖానలో గోండుల మాట డాక్టరుకు చెప్పే నిన్ను అందరూ దుబాసి అంటున్నరని, అది చిన్న కొలువని మానేద్దామనుకుంటున్నవని మీ అత్త చెప్పింది. అప్పటి నుంచి తాతకు మనసు మనసులో లేదు. పొద్దున తిని పోతున్నవా, లేదా?

దుబాసి అంటే రెండు భాషల మనిషి. సంస్కృతంలో ద్విభాషి, హిందుస్తానీలో దుభాషీ, మద్రాసు దొరల నోట డుబాష్. మన కచేరీల్లోని తర్జుమా అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. తుర్కు సుల్తానుల దర్బారులో దుబాసిని యూరపువాళ్లు పిలిచిన డ్రాగొమన్ కూడా దాని చుట్టమే.

చిన్న కొలువెట్లయితది? కుంపిణీ సర్వేయరు కర్నల్ మెకంజీకి మన భాషలు రావు. ఊరూరి శాసనాలు, కైఫీయతులు (ఊరి చరిత్ర రాతలు) ఆయనకు అందేటట్టు చేసింది ఏలూరు పిల్లగాడు కావలి బొర్రయ్య. పాపం, 1803లో చిన్న వయసులోనే పోయిండు. 1830లో కాశీయాత్రకు బయలెల్లి, హైదరాబాదు దాటి నాగపూరు దారి పట్టిన ఏనుగుల వీరాస్వామి మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీయే. అదే మద్రాసులో అవధానం పాపయ్య అనే దుబాసికి 1792లో కుట్ర కేసులో శిక్ష పడ్డది. ఆ కొలువులో అంత బలముంటది బిడ్డా, మంచికైనా చెడుకైనా.

ఇగ అసలు సంగతి. మాట కుదించకు.

తాత పడుచుతనంలో ఎద్దుల రసీదు కోసం ఒక కచేరీకి పోయిండు. వరండాలో ఒక గోండు పెద్దాయన తన చేను హద్దులు చెప్తున్నడు. ఏ వాగు, ఏ ఇప్పచెట్టు, తండ్రి ఎక్కడి దాకా దున్నిండు, అన్నీ. పక్కనున్న దుబాసి "భూమి కావాల్నట సార్" అన్నడు. ఆ ఒక్క ముక్కే రాసుకున్నరు. వాగూ చెట్టూ కాయితం ఎక్కలేదు.

అందుకే చెప్తున్న. అవ్వ కడుపునొప్పి నడుమ కోడలి ముచ్చట తెస్తే, అదీ చెప్పు. "నొస్తుందట" అనకు, "నాకు నొస్తుంది" అని ఆమె చెప్పినట్టే చెప్పు. అర్థం కాకుంటే మళ్లీ అడుగు. డాక్టరు చెప్పిన చేదు మాటకు చక్కెర కలపకు. ఎవరికి తొందరున్నా, ఉండనీ.

మన గోండు ఊరు మార్లవాయిలో ఉండి, గోండుల బతుకు మీద పరిశోధన చేసిన హైమన్‌డార్ఫ్ దొర గోండి నేర్చుకున్నడు. 1943లో అక్కడే గోండు పంతుళ్ల శిక్షణ మొదలైంది. అయినా ఇయ్యాళ్టికీ దవాఖాన వరుసలో నిలబడ్డ అవ్వకు నీ అసొంటి పిల్లే దిక్కు.

మానుడు మాట పండుగకొచ్చినంక మాట్లాడుకుందాం. చలి బాగున్నది, బస్సులో చెవులకు రుమాలు కట్టుకో.

మీ తాత,
ఉట్నూర్